మార్కే కొండల్లో ద్రాక్షరసం కాచిన డైరీ: సాపా, వినో కొట్టో

ఇటలీ నడిమి భాగంలో, అడ్రియాటిక్ సముద్రానికీ సిబిల్లీని కొండలకీ మధ్య మార్కే ప్రాంతం ఉంది. ఇక్కడ మాచెరాతా జిల్లా కొండ ఊళ్ళలో ద్రాక్షరసాన్ని రెండు రకాలుగా కాస్తారు. నల్లటి చిక్కటి పాకం అయ్యేదాకా కాస్తే అది సాపా. అందులో ఆల్కహాల్ ఉండదు. పోలెంటా (మొక్కజొన్న పిండి జావ) మీద, గొర్రెపాల జున్ను మీద, పండగ పిండివంటల్లో వేసుకుంటారు. మధ్యలోనే ఆపి, చల్లార్చి, పీపాలో పులియబెట్టి ఏళ్ళ తరబడి ఉంచితే అది వినో కొట్టో. ఈ వైన్‌కి పేరుపడ్డ ఊరు లోరో పిచేనో. ఆగస్టులో అక్కడ దీని పేరు మీదే తిరునాళ్ళ జరుగుతుంది.

సాపా గురించి ఎక్కడ చదివినా "రసం మూడో వంతుకు దిగేదాకా కాచండి" అనే ఉంటుంది. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ కూడా సాపాకి మూడో వంతు, దెఫ్రుతుం అనే మరో రకానికి సగం అని లెక్క చెప్పాడు. ఆ కొలత పట్టుకుని కాస్తే ఏమవుతుందో, దాని బదులు ఏం కొలవాలో ఈ డైరీలో రాస్తున్నాను. ఎవరైనా కాచుకోవాలంటే అంకెలన్నీ ఇక్కడే దొరకాలని నా కోరిక.

పనిముట్లు

1. 30 కిలోల దాకా తూచే కాటా. అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఇదే.
2. 0 నుంచి 32 బ్రిక్స్ దాకా చూపే రిఫ్రాక్టోమీటర్, అంటే ఒక్క చుక్కతో తీపి కొలిచే పరికరం. బ్రిక్స్ అంటే బరువులో చక్కెర దాదాపు ఎంత శాతమో చెప్పే అంకె. ఊళ్ళో వాళ్ళు రసంలో తేలుతూ తీపి చూపే గాజు గొట్టం వాడతారు, దాని మీద ఉండేది బాబో అనే స్కేలు. బ్రిక్స్‌ని 0.85తో గుణిస్తే దాదాపు బాబో అంకె వస్తుంది.
3. స్టీల్ గుండిగలు: 30 లీటర్లది ఒకటి, 15 లీటర్లది ఒకటి, 6 లీటర్లది ఒకటి.
4. గాట్లు పెట్టిన కర్ర. గుండిగలో లీటరు లీటరుగా నీళ్ళు పోస్తూ మట్టం దగ్గర గాటు పెట్టుకోవాలి.
5. చేత్తో తిప్పే చిన్న ద్రాక్ష ప్రెస్సు, పలచటి బట్ట, చిల్లుల గరిటె.

పాకం ఎప్పుడు దించాలో చూడటానికి థర్మామీటర్ వాడలేదు. మా ఊరు 450 మీటర్ల ఎత్తులో ఉంది, నీళ్ళు 98.5 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పల్లపు ప్రాంతాల కోసం రాసిన పాకం డిగ్రీలు ఇక్కడ అక్కరకు రావు.

దశ 1: పండు, రసం

అక్టోబర్ మొదటి వారంలో దగ్గరి రైతు దగ్గర 62 కిలోల ద్రాక్ష తీసుకున్నాను. ఎక్కువ భాగం త్రెబ్బియానో, పస్సెరీనా అనే తెల్ల రకాలు. కొంచెం మోంతెపుల్చానో అనే నల్ల రకం. కిలో 80 సెంట్లు.

నలిపి పిండితే 42 లీటర్ల మబ్బు రసం వచ్చింది. రాత్రంతా చలి గదిలో ఉంచి, పొద్దున పైన తేరిన 40 లీటర్లే తీసుకున్నాను. అడుగున మిగిలిన 2 లీటర్ల మడ్డి ఎరువు గుంటలోకి పోయింది. ఈ తేర్చడం మానకూడదు. గుజ్జు రసంలో ఉండిపోతే గుండిగ అడుగుకి అంటుకుని ముందు అదే మాడుతుంది.

రీడింగ్: 21 బ్రిక్స్, అంటే దాదాపు 18 బాబో. పులుపు లీటరుకు 6 గ్రాములు. ఈ రసం లీటరు 1.0875 కిలోలు తూగుతుంది.

*ఇప్పటిదాకా: రసం 40 లీటర్లు (43.5 కిలోలు). ఖర్చు 49.60 యూరోలు.*

దశ 2: మాడిన 3 లీటర్లు

కట్టెల పొయ్యి మీద ముందుగా చిన్న గుండిగలో 3 లీటర్లు పెట్టి చూశాను. అడుగు మాడలేదు. మాడింది పక్క గోడ. రసం మట్టం దిగుతున్న కొద్దీ గోడల మీద పలచటి పాకం పొర మిగిలింది. మంట గుండిగ పక్కల నుంచి పైకి ఎక్కి ఆ పొరను బొగ్గు చేసింది. ఆ చేదు మొత్తం రసంలోకి దిగింది. ఎంత వడగట్టినా మాడు వాసన పోలేదు, పారబోశాను.

పక్కింటి పెద్దావిడ చిన్నప్పటి నుంచీ ఇది కాస్తున్న మనిషి. గుండిగ చూడగానే ఒకటే చెప్పింది: "మంటను కాదు, అంచును చూడు." ఆమె చెప్పిన దాన్ని ఇలా పనిలో పెట్టాను:

1. మంట గుండిగ అడుగు దాటి పక్కలకు రాకూడదు. చుట్టూ ఇటుకలు పేర్చి, వాటి మీద మధ్యలో రంధ్రం ఉన్న ఇనుప రేకు వేశాను. గుండిగ ఆ రంధ్రం మీద కూర్చుంటుంది.
2. కర్రకు తడి బట్ట చుట్టి, మట్టం దిగినప్పుడల్లా లోపలి గోడను కిందికి తుడవాలి.
3. రసం సగానికి దిగగానే చిన్న గుండిగలోకి మార్చాలి. పెద్ద గుండిగలో కొంచెం రసం ఉంటే మాడే గోడే ఎక్కువ.
4. పెంకు తీయని వాల్‌నట్లు మూడు నాలుగు కడిగి రసంలో వేయాలి. మరుగుతుంటే అవి అడుగున దొర్లుతూ పాకాన్ని అంటుకోనివ్వవు. ఇది ఈ ఊళ్ళ పాత పద్ధతి. ఉత్తరాన ఉన్న రొమాన్యాలోనూ వేస్తారు.

ఇటుకల గూడు కట్టేసరికి చీకటి పడటంతో దశ 3ని రేకు లేకుండా, సన్న మంట మీదే చేశాను. కట్టెల ఖర్చులో తేడా అక్కడే కనబడుతుంది.

*ఇప్పటిదాకా: మిగిలిన రసం 37 లీటర్లు.*

దశ 3: సాపా, మూడో వంతు లెక్కన

15 లీటర్ల గుండిగలో 12 లీటర్లు (13.05 కిలోలు) పోశాను.

పాత్ర గురించి ఒక మాట. ఇక్కడ పాత ఇళ్ళన్నిటిలో రాగి అండాలే ఉంటాయి. రాగి వేడిని సమానంగా పంచుతుంది, అందులో మాడడం తక్కువ. కానీ కళాయి లేని రాగిలో పుల్లటి రసం చల్లారేదాకా నిలవ ఉంటే రాగి అందులోకి దిగుతుంది. పెద్దావిడ అండాను ముందు వెనిగర్, ఉప్పుతో తోమి, దించీ దించకముందే రసాన్ని వేరే పాత్రలోకి వంపేస్తుంది. అంత వేగంగా 15 కిలోల మరిగే పాకాన్ని ఒక్కడినే ఎత్తి వంపలేను కాబట్టి స్టీలే వాడాను. రోమన్లు ఇంకా ప్రమాదకరమైన పని చేశారు. కొలుమెల్లా అనే వ్యవసాయ రచయిత ఈ పనికి కంచు కన్నా సీసం పాత్రలు మేలని రాశాడు. సీసం విషం. పాత సామాన్ల అంగడిలో ఏ లోహమో తెలియని పాత్ర కనిపిస్తే కొనకండి.

మొదటి గంటంతా నురుగు తీయడమే పని. రసం తేటపడ్డాక మూత లేకుండా సన్నగా మరిగించాను. ఆరున్నర గంటలు కాచాక కర్ర మీద 4 లీటర్ల గాటు దగ్గరకు వచ్చింది. సరిగ్గా మూడో వంతు. దించేశాను. బరువు 5 కిలోలు, కాలిన కట్టెలు 13 కిలోలు. రాత్రంతా చల్లార్చి, పొద్దున అరలీటరు సీసాల్లో నింపి బిరడాలు పెట్టాను.

*ఇప్పటిదాకా: సాపా 4 లీటర్లు. మిగిలిన రసం 25 లీటర్లు. కట్టెలు 13 కిలోలు.*

దశ 4: పొంగిన సీసాలు

నెల తిరక్కుండానే రెండు సీసాల బిరడాలు పైకి లేచాయి. తెరిస్తే సన్నటి బుడగలు, పులిసిన వాసన. మిగతావి అన్నీ తెరిచి చూశాను. అడుగున ఇసుకలా కరకరలాడే పలుకులు కూడా ఉన్నాయి.

పలుకులకు కారణం తేలిక. ద్రాక్షలో టార్టార్ అనే పుల్లటి లవణం ఉంటుంది, రసం చిక్కబడి చల్లారితే అది గడ్డకట్టి కిందికి దిగుతుంది. తినడానికి హాని లేదు, పళ్ళ కింద బాగుండదు అంతే.

పులియడం మీదే ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది. పాకం ఇంత చిక్కగా ఉంటే రిఫ్రాక్టోమీటర్ స్కేలు చాలదు. అందుకు ఇలా కొలవాలి:

1. పాకం 20 గ్రాములు, నీళ్ళు 20 గ్రాములు తూచి కలపాలి.
2. బాగా చల్లారనివ్వాలి. వేడి చుక్క తప్పు అంకె చూపిస్తుంది.
3. వచ్చిన అంకెను రెట్టింపు చేయాలి.

27.5 వచ్చింది, అంటే పాకం 55 బ్రిక్స్. బరువులో 45 శాతం ఇంకా నీళ్ళే. దానికి తోడు చల్లారాక సీసాల్లో నింపడంతో గాలిలోని ఈస్ట్ కూడా చేరింది. మామూలు ఈస్ట్ తట్టుకోలేకపోయినా, చక్కెరను బాగా తట్టుకునే కొన్ని ఈస్ట్ రకాలు 55 దగ్గర కూడా బతకగలవు. బయట నిలవ ఉండే పాకానికి నేను 68 బ్రిక్స్ లక్ష్యంగా పెట్టుకున్నాను.

మూడో వంతు సూత్రం ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు లెక్క వేస్తే తేలిపోయింది. కాచేటప్పుడు పోయేది నీరే, చక్కెర పోదు. కాబట్టి ఎంత దించాలన్నది మొదట్లో రసం తీపి ఎంత అన్నదాన్ని బట్టే ఉంటుంది. 10 లీటర్ల రసం 68 బ్రిక్స్‌కు రావాలంటే:

- 18 బ్రిక్స్ రసం: 2.84 కిలోలకు, అంటే 2.1 లీటర్లకు దిగాలి
- 21 బ్రిక్స్ రసం: 3.36 కిలోలకు, 2.5 లీటర్లకు
- 25 బ్రిక్స్ రసం: 4.06 కిలోలకు, 3 లీటర్లకు
- 27 బ్రిక్స్ రసం: 4.43 కిలోలకు, 3.3 లీటర్లకు

మూడో వంతు దగ్గర ఆపితే సరిపోయేది 27 బ్రిక్స్ రసానికే. అంటే తీగ మీదే బాగా మాగిన పండు. నా 21 బ్రిక్స్ రసానికి అది నాలుగో వంతు. పెద్దావిడకి ఈ వంతులతో పనే లేదు. చల్లటి పళ్ళెం మీద చుక్క వేసి, పళ్ళెం వంచినా అది జారకుండా నిలిస్తే దించుతుంది. మన ఇళ్ళలో నువ్వుండలకు నీళ్ళలో పాకం వేసి చూసినట్టే. ఆ పరీక్ష నేరుగా చిక్కదనాన్నే చూస్తుంది కాబట్టి ఏ సంవత్సరపు పండుకైనా పనికొస్తుంది. చేయి తిరగని వాళ్ళకు మాత్రం కాటానే దిక్కు. గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే:

దించాల్సిన బరువు = రసం బరువు × రసం బ్రిక్స్ ÷ 68

మిగిలిన 4.6 కిలోలను తిరిగి కాచాను. లెక్క ప్రకారం 3.72 కిలోలు రావాలి, 3.7 దగ్గర దించాను. ఈసారి అంకె స్కేలు దాటకుండా పాకం 20 గ్రాములకు నీళ్ళు 40 గ్రాములు కలిపి కొలిస్తే 22.7, మూడు రెట్లు చేస్తే 68. ఈసారి సీసాల పని మార్చాను:

1. దించాక మూత పెట్టి రాత్రంతా చలి గదిలో ఉంచాలి. టార్టార్ అడుక్కి దిగుతుంది.
2. పైది మాత్రం వేరే గిన్నెలోకి వంచాలి.
3. మళ్ళీ 85 డిగ్రీలు దాటేదాకా వేడి చేయాలి.
4. ఉడకబెట్టిన సీసాల్లో ఆ వేడి మీదే నింపి వెంటనే బిగించాలి.

ఆ తర్వాత ఒక్క సీసా కూడా పొంగలేదు. చలికాలంలో గ్లూకోజ్ కొంచెం గడ్డకట్టవచ్చు. గోరువెచ్చటి నీళ్ళలో సీసా పెడితే కరుగుతుంది.

రుచి చెప్పాలి. వాసన అద్భుతం, ఎండు అత్తి, కాల్చిన చక్కెర కలిసినట్టు. కానీ పులుపు ఎక్కువ. కాచినప్పుడు తీపితో పాటు పులుపూ చిక్కబడుతుంది. 6 గ్రాముల పులుపు నాలుగో వంతుకు దిగితే 24 గ్రాములు, టార్టార్ రూపంలో కొంత పోయినా మిగిలింది తక్కువేం కాదు. టర్కీలో పెక్మెజ్ కాచేటప్పుడు ఈ పులుపు విరగడానికి సున్నపు మట్టి కలిపి తేరుస్తారు. నేను ఆ దారిన పోలేదు. ఇంకో రెండు వారాలు ఆగి కోస్తే తీపి పెరిగి పులుపు తగ్గుతుంది, కట్టెలూ మిగులుతాయి.

*ఇప్పటిదాకా: సాపా 3.7 కిలోలు (2.8 లీటర్లు).*

దశ 5: వినో కొట్టో కోసం కాచడం

ఇది దశ 3 మర్నాడే జరిగింది, సాపా సంగతి ఒకచోట ఉండాలని వెనక రాస్తున్నాను.

   చలి కొండల్లో ద్రాక్ష సరిగా పండని ఏడు పలచటి వైన్ వస్తుంది, అది ఎండాకాలానికే వెనిగర్ అవుతుంది. కాస్తే తీపి పెరుగుతుంది, చెడగొట్టే క్రిములు చస్తాయి, వైన్ ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఇదే జిల్లాలో సెర్రాపెత్రోనా ఊరి వాళ్ళు ఇంకో ఉపాయం కనిపెట్టారు. కాచే బదులు కనీసం 40 శాతం ద్రాక్షను ఆరబెట్టి, తర్వాత పిండి, మామూలు వైన్‌తో కలిపి మళ్ళీ పులియబెడతారు. ఆ బుడగల ఎర్ర వైన్‌కి 2004లో ఇటలీ అత్యున్నత గుర్తింపు డీఓసీజీ దక్కింది. నిప్పుతో అయినా గాలితో అయినా పని నీళ్ళు తీయడమే.

పెద్ద గుండిగలో 20 లీటర్లు (21.75 కిలోలు). ఈసారి ఇటుకల గూడు, ఇనుప రేకు సిద్ధం. సగానికి దించాను: 10 లీటర్లు, 11.7 కిలోలు, 39 బ్రిక్స్. కట్టెలు 10 కిలోలే. అంటే కిలో కట్టెకి కిలో నీరు ఆవిరైంది. గూడు లేనప్పుడు 13 కిలోల కట్టెకి 8 కిలోల నీరే పోయింది. ఇటుకలకు పైసా ఖర్చు కాలేదు, గోడ మాడనూ లేదు. ఈ డైరీలో ఒక్కటే కాపీ చేయాలనుకునే వాళ్ళు ఈ గూడు కట్టుకోండి.

*ఇప్పటిదాకా: కాచిన రసం 10 లీటర్లు. పచ్చి రసం 5 లీటర్లు (ఫ్రిజ్‌లో). కట్టెలు, తిరిగి కాచడానికి కాలిన 3 కిలోలు కలిపి, 26 కిలోలు.*

దశ 6: పులియని రసం

చల్లారిన 10 లీటర్లలో ఎక్కువ ఆల్కహాల్‌ని తట్టుకునే ఈస్ట్ పొట్లం వేసి, గాజు బుడ్డీలో పోసి గాలి తాళం (లోపలి గ్యాస్‌ని వదిలి, బయటి గాలిని రానివ్వని మూత) పెట్టాను. బుడగ రాలేదు. వెచ్చగా ఉంచినా అంతే. కారణాలు రెండు. 39 బ్రిక్స్ అంటే లీటరుకు నాలుగు వందల గ్రాములకు పైగా చక్కెర. ఆ చిక్కదనం ఈస్ట్ కణంలోని నీటిని బయటికి లాగేస్తుంది. పైగా గంటల తరబడి మరిగిన రసంలో దాని సొంత ఈస్ట్ ఒక్కటీ బతికి ఉండదు.

పల్లెల్లో ఇది ఎలా నడుస్తుందంటే, పాత పీపాలో కిందటేటి మడ్డి ఉంటుంది, లేదా కాచిన రసంలో పచ్చి రసం కలుపుతారు. దక్షిణాన ఉన్న అబ్రుద్జోలో కూడా పచ్చి రసం కలిపే అలవాటు ఉంది. ఫ్రిజ్‌లోని పచ్చి రసం ఇందుకే దాచాను. టెన్షన్ పడకుండా ఇలా చేయండి:

1. పచ్చి రసం 4 లీటర్లు గది వేడికి తెచ్చి, అందులో కొత్త ఈస్ట్ వేయాలి.
2. నురుగు బాగా పైకి లేచేదాకా ఆగాలి.
3. కాచిన రసాన్ని 2 లీటర్ల చొప్పున కలపాలి. ప్రతిసారీ బుడగలు మళ్ళీ జోరందుకున్నాకే తర్వాతి వాయి.
4. 20 డిగ్రీలకు తగ్గకుండా చూడాలి. చలి గది 11 డిగ్రీలకు దిగగానే పులియడం ఆగింది, వంటింట్లోకి తెచ్చాక తిరిగి మొదలైంది.

కలిపాక మొత్తం 14 లీటర్లు, సాంద్రత 1.148. డిసెంబర్ చివరికి 1.055 దగ్గర నిలిచిపోయింది. తేడా 0.093ని 131తో గుణిస్తే ఆల్కహాల్ దాదాపు 12 శాతం. తీపి బాగా మిగిలింది. రుచికి మంచిదే గానీ నా చేతికి కొంచెం ఎక్కువ తీపి. సగానికి కాకుండా మూడింట రెండు వంతులకే దించి ఉంటే రసం 30 బ్రిక్స్ దగ్గర ఉండేది, మొదటి ఈస్టే పనిచేసే అవకాశం ఉండేది, తీపీ పులుపూ తగ్గేవి. వచ్చే పంటకి అదే కొలత.

మడ్డి తీశాక 12.5 లీటర్లు: 10 లీటర్ల బుడ్డీ మూతిదాకా, మిగతాది చిన్న సీసాల్లో. బుడ్డీలో మట్టం తగ్గినప్పుడు ఆ సీసాలతో నింపుతాను. చిన్న ఓక్ పీపా కొనలేదు. పీపా ఎంత చిన్నదైతే లీటరు వైన్‌కి తగిలే చెక్క అంత ఎక్కువ, ఆవిరయ్యేదీ అంత ఎక్కువ. ఇంత కొద్ది వైన్‌కి గాజే నయం.

దశ 7: సాపాతో లోంజీనో

సలామీ అంటే మాంసంతో చేసే పొడవాటి సాసేజ్. మార్కేలో అత్తిపళ్ళతో చేసే శాకాహార "సలామీ" ఈ లోంజీనో. పాత వంటకాలను కాపాడే స్లో ఫుడ్ సంస్థ వాళ్ళ ప్రెసీడియం జాబితాలో ఉంది. ఎండు అత్తిపళ్ళ ముద్దలో వాల్‌నట్లు, బాదం, సాపా, సోంపు వాసన కలిపి, సలామీలా పొడవాటి ఉండలుగా చుట్టి, అత్తి ఆకుల్లో మడిచి దారంతో కడతారు.

నా కొలత: ఎండు అత్తి 1.05 కిలోలు (సెప్టెంబర్‌లో 3.6 కిలోల పచ్చి పళ్ళు ఎండబెడితే వచ్చినవి), వాల్‌నట్లు 150 గ్రాములు, బాదం 150, సాపా 120, సోంపు 10. ఐదు ఉండలు వచ్చాయి, ఒక్కొక్కటి దాదాపు 290 గ్రాములు.

ఒక ఉండకి ఆకు కింద తెల్ల బూజు పట్టింది. దాని ఆకు కడిగాక సరిగా ఆరలేదు. మిగతా నాలుగింటి ఆకులు విప్పి, ఉండలను 60 డిగ్రీల ఓవెన్‌లో పైన తడి పోయేదాకా ఉంచి, పూర్తిగా ఎండిన ఆకులు చుట్టాను. అవి వసంతం దాకా నిలిచాయి. సన్నగా కోసి గట్టి జున్నుతో తినాలి. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

మొత్తం లెక్క

- ద్రాక్ష 62 కిలోలు, తేట రసం 40 లీటర్లు
- మాడింది 3 లీటర్లు. పులుపు, తీపి పరీక్షలకు పోయింది 1 లీటరు
- సాపా 3.7 కిలోలు, అందులో లోంజీనోకి 120 గ్రాములు
- వినో కొట్టో 12.5 లీటర్లు
- కట్టెలు 26 కిలోలు
- ఖర్చు: ద్రాక్ష 49.60, రిఫ్రాక్టోమీటర్ 25, ఈస్ట్ 6, మొత్తం 80.60 యూరోలు

హైదరాబాద్ చుట్టుపక్కల ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వచ్చే థామ్సన్ గింజలేని ద్రాక్షతో సాపా కాచాలనుకునే వాళ్ళకి: వైన్ భాగం వదిలేయండి, ఇంట్లో ఆల్కహాల్ తయారీకి ఎక్సైజ్ చట్టం అడ్డు వస్తుంది. సాపాకి ఆ ఇబ్బంది లేదు. రిఫ్రాక్టోమీటర్ లేకపోతే రసం 18 బ్రిక్స్ అనుకుని మొదలుపెట్టండి. 5 కిలోల రసం 1.3 కిలోలకు దిగాలి. 1.5 కిలోల దగ్గర నుంచే చల్లటి పళ్ళెం మీద చుక్క వేసి చూస్తూ ఉండండి, పండు అనుకున్నదానికన్నా తియ్యగా ఉంటే ముందే నిలబడుతుంది.